మీకు తెలుసా? ఇనుముకీ గాలికీ మధ్య ఒక పొర

కౌగిలింతలకు అరిగిన స్తంభం

ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కన ఉన్న ఇనుప స్తంభానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాపి, వేళ్లు కలపగలిగితే అదృష్టం కలిసొస్తుందని ఒక నమ్మకం. తరతరాలుగా జనం అలా చేస్తూ వచ్చారు. చేతులు తగిలిన మేర ఇనుము నున్నబడి, రంగు మారింది. 1997లో చుట్టూ కంచె వేశారు. ఇనుము మీద పరుచుకుని ఉన్న ఒక పలుచని పొర కోసమే ఆ కంచె.

స్తంభం గుప్తుల కాలానిది. వయసు సుమారు 1,600 ఏళ్లు, ఎత్తు 7 మీటర్లకు పైగా, బరువు 6 టన్నులకు పైగా. పోత పోసింది కాదు, ఇనుప ముద్దలను ఎర్రగా కాల్చి, సమ్మెటలతో కొట్టి, ఒకదానికొకటి అతికి చేసింది. ఇన్ని వానలకు తడిసినా ఎందుకు తుప్పుపట్టి రాలిపోలేదన్న ప్రశ్నను ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్నారు. ఆయనకు దొరికిన జవాబు భాస్వరం. ఆ ఇనుములో భాస్వరం నూటికి 0.25 పాళ్ల దాకా ఉంది. ఇప్పటి ఉక్కులో 0.05 పాళ్లు దాటనివ్వరు, దాటితే ఉక్కు పెళుసవుతుందని. పాత కొలిముల్లో సున్నపురాయి వేసేవారు కాదు. అందువల్ల భాస్వరం చిట్టెంలోకి పోకుండా ఇనుములోనే మిగిలింది. ఎండకు ఆరుతూ, వానకు తడుస్తూ ఉన్న కొద్దీ అది ఉపరితలం దగ్గర చేరి, ఇనుముతో కలిసి ఫాస్ఫేట్ పొరగా గట్టిపడింది. ఇన్ని శతాబ్దాల్లో ఆ పొర పెరిగిన మందం ఎంతో తెలుసా? మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు.

ఢిల్లీ పొడి గాలి కూడా స్తంభానికి సాయపడింది. అదే స్తంభాన్ని విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టి ఉంటే ఇంత చక్కగా మిగిలేదని నేననుకోను. ఆ కమ్మరులు ఫాస్ఫేట్ రసాయనం తెలిసే ఇలా చేశారని అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. వాళ్లకు తెలిసింది తమ ఖనిజం, తమ బొగ్గు, తమ సమ్మెట. 6 టన్నుల ఇనుమును అతుకు కనబడకుండా ఒక్కటి చేయడానికి ఆ తెలివి చాలినంత గొప్పది.

చుక్క నడుమ ఏం జరుగుతుంది?

ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేయండి. తుప్పు ఎక్కడ మొదలవుతుంది? గాలి బాగా తగిలే చుక్క అంచుల దగ్గరే అనుకుంటాం ఎవరమైనా. కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్స్ 1920లలో ఈ చిన్న పరీక్ష చేసి చూపించింది దానికి పూర్తిగా ఎదురు. ఇనుము కరిగే చోటును నీలంగా, క్షారం పుట్టే చోటును గులాబీగా చూపే రంగు మందులు చుక్కలో కలిపితే, నడుమ నీలం, అంచున గులాబీ తేలాయి. అంటే గాలి అందని నడిమి భాగంలో ఇనుము కరిగి నీటిలోకి వెళుతోంది. అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు పరుగెత్తి, అక్కడి ఆక్సిజన్‌తో కలుస్తున్నాయి. ఒక్క చుక్క నీటిలో ఒక బుల్లి బ్యాటరీ. ఎర్రటి తుప్పు మాత్రం ఈ రెంటి మధ్యలో వలయంగా పేరుకుంటుంది.

వంటింట్లో గ్యాస్ సిలిండరును పక్కకు జరిపినప్పుడు గచ్చు మీద గుండ్రంగా కనిపించే తుప్పు మరక గుర్తుందా? తడి చేరి గాలి ఆడని ఇరుకు అది. సైకిల్ మడ్‌గార్డు లోపల పేరుకున్న బురద కింద, ఇనుప పెట్టె అడుగున, నట్టు కింద వాషరు చుట్టూ, తడి గోనె పరిచిన రేకు మీద జరిగేదీ ఇదే. తుప్పు మన కళ్లెదుట మొదలు కాదు. మూసి ఉన్న చోట, మురికి కింద, రెండు లోహాలు ఒరుసుకున్న సందులో మొదలవుతుంది. ఇంజనీర్ల పరిశీలన అంతా ఆ మరుగు చోట్ల చుట్టూ తిరిగేది అందుకే.

ఘాటైన ఆమ్లంలో చెక్కుచెదరని ఇనుము

పలుచని నైట్రిక్ ఆమ్లంలో ఇనుము వేస్తే బుసబుస పొంగుతూ కరిగిపోతుంది. చిక్కని నైట్రిక్ ఆమ్లంలో వేస్తే ఏమీ కాదు. అలా ఒకసారి ముంచి తీసిన ముక్కను మళ్లీ పలుచని ఆమ్లంలో వేసినా కరగదు. గీరినప్పుడు మాత్రం ఒక్కసారిగా రేగుతుంది. ఈ వింతను 1836లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉత్తరం రాసి మైకేల్ ఫారడే ముందు పెట్టాడు. ఇనుము మీద కంటికి కనబడని ఆక్సైడ్ పొర ఏదో ఏర్పడి ఉండాలని ఫారడే ఊహించాడు. దాన్ని చూసినవాళ్లు లేరు. 1927లో నీటి చుక్కల ఎవాన్సే ఆ పొరను ఇనుము నుంచి ఊడదీసి లోకానికి చూపించాడు. ఊహకీ రుజువుకీ మధ్య 90 ఏళ్లు పట్టింది.

మన స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలన్నీ ఈ సూత్రం మీదే మెరుస్తున్నాయి. 1913లో షెఫీల్డులో హారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా చూడబోయి, నూటికి 12.8 పాళ్ల క్రోమియం కలిపిన ఉక్కు పోశాడు. అది మరకపడలేదు. క్రోమియం ఆక్సైడ్ పొర మందం కొద్ది నానోమీటర్లే, అంటే మిల్లీమీటరులో లక్షల వంతుల లెక్క. గీత పడితే గాలి తగిలిన వెంటనే దానంతట అదే మళ్లీ అల్లుకుంటుంది. ఆ పొరకు పెద్ద శత్రువు ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ పొరను ఒక్కచోట చిల్లి పొడిచి, సూదిమొనంత గుంట చేసి, అక్కడి నుంచి లోపలికి తొలుచుకుపోతుంది. కల్లుప్పునూ ఆవకాయనూ మన పెద్దవాళ్లు స్టీలు డబ్బాల్లో కాక జాడీల్లో పోసింది మంచి పనే.

చిలుము, కళాయి

ఇనుముకైతే తుప్పు, ఇత్తడికీ రాగికీ అయితే చిలుము. రెండు వేరు వేరు జబ్బులని మన భాషకు ముందే తెలుసు. చిలుము పట్టిన పాత్రలో పులుసు కాస్తే వికారం, వాంతులు తప్పవు. అందుకే ఏడాదికోసారి కళాయి వేసేవాళ్లు వీధిలోకి వచ్చి, తిత్తి ఊది, గిన్నెను కాల్చి, లోపల నవసారం చల్లి, తగరం ముక్క తాకించి, గుడ్డతో గిర్రున తిప్పేవారు. తెల్లటి పొగ లేచేది. ఆ నవసారం అమ్మోనియం క్లోరైడు. వేడికి అది లోహం మీది ఆక్సైడ్ మురికిని కరిగించి తగరానికి చోటిస్తుంది. చింతపండుతో ఇత్తడి బిందె తోమితే పసిమి రంగు తేలడం కూడా ఇలాంటిదే, చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది.

ఓడ అడుగున మిగిలిన గోధుమ కాగితం

చెక్క ఓడలను సముద్రపు పురుగులు తొలిచేస్తున్నాయని బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారం అనే ఓడ అడుగుకు రాగి రేకు తొడిగింది. రెండేళ్ల తర్వాత ఒడ్డుకు లాగి చూస్తే రాగి బాగానే ఉంది, ఆ రాగిని పట్టి ఉంచిన ఇనుప మేకులే తుప్పుపట్టి పాడైపోయాయి. అయితే కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకా అని చూస్తే, రాగి రేకులు చుట్టి తెచ్చిన గోధుమ రంగు కాగితాన్ని అక్కడక్కడ తీసేయకుండానే మేకులు కొట్టేశారు. కాగితం అడ్డున్న చోట రాగి ఇనుమును తాకలేదు. తాకని చోట ఇనుము బతికింది. రెండు లోహాలు ఉప్పునీటిలో ఒకదానినొకటి తాకితే బలహీనమైనది బలైపోతుందన్న పాఠం, బ్యాటరీ అనేదింకా పుట్టకముందే, ఓడ అడుగున రాసి పెట్టి ఉంది.

ఆ పాఠాన్ని తిరగేసి వాడుకున్నవాడు హంఫ్రీ డేవీ. 1824 నాటికి నౌకాదళం బాధ వేరు, ఇప్పుడు రాగే కరిగిపోతోంది. రాగికి చిన్న ఇనుప ముక్కో జింకు ముక్కో తగిలిస్తే, ఆ ముక్క తాను కరుగుతూ రాగిని కాపాడుతుందని డేవీ చెప్పాడు. నిజంగానే కాపాడింది. కానీ కొత్త చిక్కొచ్చి పడింది. రాగి కొద్దికొద్దిగా కరుగుతున్నందువల్లే ఇన్నాళ్లూ దాని విషానికి నత్తలూ నాచూ ఓడకు అంటుకోలేదు. కరగడం ఆగిపోగానే అవి గుంపులుగా పట్టేసి ఓడల వేగం పడిపోయింది. మరుసటి ఏడాదికల్లా నౌకాదళం ఆ ముక్కలను పీకించేసింది. అవమానమంతా డేవీ మోశాడు. ఆయన సూత్రంలో తప్పేమీ లేదు. ఈరోజు ప్రపంచంలో ఏ రేవుకు వెళ్లినా ఉక్కు ఓడల అడుగున, పంకా పక్కన జింకు, అల్యూమినియం దిమ్మెలు బిగించి ఉంటాయి. భూమిలో వేసిన నూనె గొట్టాలకూ ఇదే రక్ష. మన పెరటి గోడ మీది జింకు పూత రేకు కూడా, గీత పడిన చోట, జింకు ముందు కరిగి ఇనుమును కాపాడుకొస్తున్నదే.

ఒక శతాబ్దం తర్వాత అదే పొరపాటు

అమెరికాలోని స్వేచ్ఛా ప్రతిమ పైన రాగి, లోన ఇనుప చట్రం. రాగి మందం రెండున్నర మిల్లీమీటర్ల లోపే. ఆ రెండూ తాకకూడదని 1886లోనే తెలుసు, అందుకే మధ్యలో లక్క పట్టించిన ఆస్‌బెస్టాస్ గుడ్డ పెట్టారు. గుడ్డ శిథిలమైంది, సముద్రపు తేమ చేరింది, ఇనుప పట్టీలు ఉబ్బి రాగిలోని రివెట్లను పీకేశాయి. 1980ల మరమ్మతులో సుమారు 1,800 పట్టీలను తీసి, స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టి, మధ్యన టెఫ్లాన్ పొర వేశారు. అలారం ఓడలో కాగితం చేసిన పనినే ఇప్పుడు టెఫ్లాన్ చేస్తోంది.

వానాకాలంలో పగిలే తూటాలు

ఇది మన దేశంలో దొరికిన రహస్యం. బ్రిటిష్ సైన్యం ఇక్కడ నిల్వ ఉంచిన ఇత్తడి తూటాల తొడుగులు వానలు మొదలవగానే పగిలిపోయేవి. ఎండాకాలంలో ఏమీ లేదు. వానాకాలంలో మాత్రం నెర్రెలు. సైనికులు దీనికి ఋతువు పేరుతోనే సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టేశారు. తూటాలు ఉంచేది గుర్రపు సాలల్లో. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, గాలిలో తడి, తొడుగును సాగదీసి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తేనే పగులు. ఏ ఒక్కటి లేకపోయినా ఏమీ కాదు. అసలు సంగతి 1921లో తేలింది. విరుగుడు చాలా తేలిక. తయారయ్యాక తొడుగును కాస్త వేడి చేసి చల్లారనిస్తే బిగువు సడలిపోతుంది.

తుప్పు అంటే ఎర్రగా రాలిపోవడమేనని అనుకునేవారికి ఈ కథ చెప్పాలి. ఇక్కడ లోహం తరగలేదు, బరువు తగ్గలేదు, పైకి మెరుస్తూనే ఉంది. లోన మాత్రం పగులు నడుస్తోంది.

2.5 మిల్లీమీటర్లు, 46 ప్రాణాలు

1967 డిసెంబరు 15. క్రిస్మస్‌కు పది రోజులు. అమెరికాలో ఒహాయో నది మీద, పాయింట్ ప్లెజెంట్ ఊరి దగ్గర, సిల్వర్ బ్రిడ్జి సాయంత్రం వేళ వాహనాలతో నిండి ఉంది. కొద్ది సేపట్లో వంతెన మొత్తం నదిలోకి కూలింది. 46 మంది పోయారు.

1928లో కట్టిన ఆ వంతెన తాళ్ల మీద కాక, చివర్లలో కన్నాలున్న పొడవాటి ఉక్కు పట్టీలను గొలుసులా కలిపి వేలాడదీసినది. ఒక్కో కణుపుకు రెండే పట్టీలు. ఒక పట్టీ కన్నం లోపలి అంచున పుట్టిన పగులు దాదాపు 40 ఏళ్లు మెల్లగా పాకింది. విరిగేనాటికి దాని లోతు సుమారు 2.5 మిల్లీమీటర్లు. తుప్పూ, లాగుడు బిగువూ చేతులు కలిపి పెంచిన పగులది. కణుపు విప్పితే తప్ప కంటికి ఆనదు. విప్పితే వంతెన నిలవదు. రెండో పట్టీ ఒక్కటే ఆ బరువు మోయలేకపోయింది.

ఆ దేశంలో అంతకుముందు వంతెనలను ఫలానా గడువుకోసారి తనిఖీ చేయాలన్న జాతీయ నియమమే లేదు. 1971లో వచ్చింది. ఇదే పద్ధతిలో కట్టిన పక్క వంతెనను మూసేసి, తర్వాత పడగొట్టారు. నియమాల పుస్తకంలో ప్రతి వాక్యం వెనకా ఎవరో ఒకరు ఇంటికి చేరని సాయంత్రం ఉంటుందని ఇలాంటివి చదివినప్పుడల్లా నాకనిపిస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు కూడా ఇలా మోసపోగలదు. స్విట్జర్లాండులోని ఊస్టర్‌లో 1985 మే 9న ఒక ఈతకొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. 13 ఏళ్ల కట్టడం. కాంక్రీటు కప్పును వేలాడదీసిన స్టీలు కడ్డీలను కొలనులోంచి లేచిన క్లోరిన్ ఆవిరి పగలగొట్టింది.

మీ స్లాబు ఎందుకు పెచ్చులూడుతోంది?

ఇక మన ఇంటికి వద్దాం. సన్‌షేడు కింద, బాల్కనీ అంచున, నీళ్ల ట్యాంకు దిగువన పెచ్చులూడి ఎర్రటి ఊచలు కనిపించని వీధి మన ఊళ్లలో ఉందా? మేస్త్రీ వచ్చి, ఊడినంత మేర సిమెంటు మెత్తి, సున్నం కొట్టి వెళతాడు. రెండేళ్లకు మళ్లీ అదే చోట ఊడుతుంది. ఇందులో మేస్త్రీ తప్పుకన్నా ఎవరూ చెప్పకపోవడం అనే తప్పు పెద్దది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కాంక్రీటు ఇనుమును మోస్తుందనుకుంటాం. అసలైన ఉపకారం వేరు. సిమెంటు లోపలి తడి గట్టి క్షారం, పీహెచ్ 12.5కి పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఊచ మీద పలుచని కాపు పొర ఒకటి ఏర్పడి, ఇనుము నిద్రపోతున్నట్టు దశాబ్దాలు ఉండిపోతుంది. ఆ నిద్ర చెడగొట్టేవి రెండు. ఒకటి గాలిలోని బొగ్గుపులుసు వాయువు. అది కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ క్షారాన్ని విరుస్తుంది. పీహెచ్ 9 కిందికి దిగితే కాపు పొర నిలవదు. రెండోది ఉప్పు, అంటే సముద్రపు గాలి, ఉప్పు చేరిన ఇసుక, ఉప్పునీళ్లు. ఉప్పుకు క్షారం విరిగే దాకా ఓపిక పట్టాల్సిన పని కూడా లేదు, నేరుగా వచ్చి పొరకు చిల్లి పెడుతుంది.

పొర పోయాక తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు అడుగుతుంది. కాంక్రీటుకు ఒత్తిడిని తట్టుకునే సత్తువ ఉంది కానీ లోపలి నుంచి తోస్తే నిలిచే సత్తువ లేదు. పగులుతుంది. పగుళ్లలోంచి నీళ్లు ఇంకా తేలికగా దిగుతాయి. పెచ్చు ఊడింది అంటే రోగం మొదలైందని కాదు, ఏళ్ల కిందటే మొదలై ఇప్పుడు బయటపడిందని.

దీన్ని ముందుగా పట్టే పరీక్ష బడి ప్రయోగశాలలోని మందుతోనే చేస్తారు. కాంక్రీటును కొద్దిగా కొట్టి, తాజాగా బయటపడ్డ ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లుతారు. గులాబీ రంగు తేలిన మేర క్షారం బతికే ఉంది. రంగు మారని మేర గాలి తినేసింది. ఆ తెల్లటి పట్టీ ఊచను చేరిందా, ఇంకా దూరంలో ఉందా అన్నదే ఇంటి జాతకం.

ఇల్లు కట్టేటప్పుడు ఊచకూ బయటి ముఖానికీ మధ్య ఉండే కాంక్రీటు మందాన్ని మేస్త్రీలు కవరు అంటారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు చోట్ల ఇది కనీసం 20 మిల్లీమీటర్లు. తేమ, ఉప్పుగాలి పెరిగే కొద్దీ 30, 45, 50, చివరకు 75 దాకా పెరుగుతుంది. ఊచల కింద పెట్టే కవరు బిళ్లల ఖరీదు ఇంటి ఖర్చులో లెక్కలోకి రానంత చిన్నది. వాటి బదులు కంకర రాయి ముక్కలు పెట్టి పని కానిచ్చేస్తారు, కాంక్రీటు పోస్తుండగా ఎవరో తొక్కితే అవి పక్కకు జారిపోయి ఊచలు నేరుగా చెక్కకు ఆనిపోతాయి. స్లాబు వేసే రోజు భోజనాల సందడిలో పడిపోకండి. ఆ బిళ్లలున్నాయో లేదో పైకెక్కి చూడండి. తర్వాత వారాల తరబడి నీళ్లు కట్టడం మానకండి, తాగదగిన నీళ్లే వాడండి. బాగా తడిసి గట్టిపడిన కాంక్రీటులో రంధ్రాలు సన్నగా ఉంటాయి, గాలి అంత తొందరగా ఇంకదు.

పెచ్చులూడిన చోట కూడా మరమ్మతుకు పద్ధతి ఉంది. ఊచ వెనక దాకా చెడిన కాంక్రీటు తొలగించి, తుప్పు శుభ్రంగా గీకి, కాపు పూత వేసి, అప్పుడు పూడ్చాలి. తుప్పును లోపలే ఉంచి పైన మెత్తితే అది ఆగదు.

ఊచ లేని గోపురం

రోములోని పాంథియన్ గోపురం వెడల్పు 43.3 మీటర్లు. కాంక్రీటుదే. అందులో ఒక్క ఇనుప ఊచ లేదు. 1,900 ఏళ్లుగా నిలిచి ఉండటానికి మొదటి కారణం అదే, తుప్పుపట్టడానికి లోపల ఏమీ లేదు. రెండో కారణాన్ని 2023లో ఎంఐటీకి చెందిన అద్మీర్ మాసిచ్ బృందం చెప్పింది. ప్రివెర్నమ్ అనే పాత రోమన్ ఊరి గోడ ముక్కల్లో తెల్లటి సున్నపు పలుకులు కనిపించాయి. సరిగా కలపలేదు కాబోలు అని ఇన్నాళ్లూ తీసిపారేసిన పలుకులవి. నీళ్లు పోస్తే సలసల కాగే కాల్చిన సున్నాన్నే రోమన్లు నేరుగా కలిపారని, పగులు పడి నీళ్లు దిగినప్పుడు ఈ పలుకులు కరిగి, మళ్లీ గట్టిపడి పగులును పూడుస్తాయని వాళ్ల వాదన. అదే పాళ్లలో కొత్తగా చేసిన దిమ్మెను పగలగొట్టి నీళ్లు పారిస్తే రెండు వారాల్లో పగులు మూసుకుంది.

మండపం తీరంలో తుప్పుపట్టడమే పనిగా

తమిళనాడులోని కారైక్కుడిలో అళగప్ప చెట్టియార్ 300 ఎకరాల నేల, 15 లక్షల రూపాయలు ఇస్తే, 1948 జులైలో నెహ్రూ పునాదిరాయి వేశారు. 1953 సంక్రాంతి వేళ సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అదే కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ, సెక్రి. తుప్పు మీద దేశంలో జరిగిన పరిశోధనకు అది పుట్టిల్లు. దేశంలో చాలా చోట్ల లోహపు పలకలను ఎండకూ వానకూ వదిలి, తీసి, తూచి, ఏ ఊరి గాలి ఇనుమును ఎంత వేగంగా తింటుందో చూపే పటం తయారుచేశారు అక్కడివాళ్లు. రామేశ్వరం దారిలోని మండపంలో వాళ్ల పరీక్షా కేంద్రం ఉంది. అక్కడ వరుసలుగా నిలిపిన పలకల పని తుప్పుపట్టడమే. వాటిని చూసుకునేవారి పని ఎదురుచూడటం.

ఇదెంత ఓపిక పనో ఒక్కసారి ఆలోచించండి. పెట్టెలో పెట్టి 35 డిగ్రీల వేడిలో ఉప్పునీటి మంచు చిమ్మితే కొన్ని వందల గంటల్లో ఫలితం వస్తుంది, ఆ పరీక్ష 1939 నుంచి వాడుకలో ఉంది. కానీ పెట్టెలో నెగ్గిన పూత బయట నెగ్గుతుందన్న పూచీ లేదు. పెట్టెలో ఎండ లేదు, రాత్రి మంచు లేదు, గాలికి కొట్టుకొచ్చే ఇసుక లేదు. అందుకే నాసా కూడా 1966 నుంచి ఫ్లారిడా తీరంలో తన రాకెట్ వేదికల లోహాలను ఇలాగే బయట నిలబెట్టి చూస్తోంది.

మండపం ఎదుటే పాంబన్ వంతెన. 1914 నుంచి రైళ్లు మోసిన ఆ ఇనుము ఉప్పుగాలిలో నిలిచింది పనివాళ్ల చేతుల వల్ల, గీకడం, రంగేయడం, చెడిన పట్టీ మార్చడం, మళ్లీ మొదటికి రావడం. 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న మొదలైంది. ఈసారి కాంక్రీటులోని ఊచలే స్టెయిన్‌లెస్ స్టీలువి.

ఉమ్మి

కోల్‌కతా హౌరా వంతెన స్తంభాల అడుగున తొడిగిన ఉక్కు కవచాల మందం 2007లో 6 మిల్లీమీటర్లు. 2011 నాటికి సగానికి పడిపోయింది. కారణం కిళ్లీ, గుట్కా ఉమ్మి. చివరకు ఫైబర్ గ్లాసు తొడిగారు, కడగడానికి వీలుగా.

నాలుగేళ్లలో సగం ఉక్కు పోయిందంటే నమ్మబుద్ధి కాదు. ఆ తొడుగుల పక్కనుంచి రోజూ నడిచేవాళ్లదే ఆ వంతెన.

ఇంజన్లకు పనికిరాని నీళ్లు, పిల్లలకు

అమెరికాలోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి తాగునీటిని నదికి మార్చింది. ఆ నీటిలో క్లోరైడ్ ఎక్కువ. గొట్టాలు తినకుండా కలపాల్సిన ఫాస్ఫేట్ మందు కలపలేదు. అదే ఏడాది అక్టోబరులో ఊళ్లోని జనరల్ మోటార్స్ కర్మాగారం, ఇంజను భాగాలు తుప్పుపడుతున్నాయని ఆ నీళ్లు వద్దని మానేసింది. ఊరివాళ్లు మాత్రం మరో ఏడాది ఆ నీళ్లే తాగారు. పాత గొట్టాల లోపల దశాబ్దాలుగా పేరుకున్న కాపు పొర కరిగి, సీసం నీటిలో కలిసింది. వర్జీనియా టెక్‌లో తుప్పు మీద పనిచేసే మార్క్ ఎడ్వర్డ్స్ బృందం 2015లో ఇంటింటి నుంచి సీసాల్లో నీళ్లు తెప్పించుకుని పరీక్షించి సీసం సంగతి బయటపెట్టింది. పిల్లల డాక్టరు మోనా హన్నా అట్టిషా రక్తపరీక్షలతో రుజువు చేశారు.

ఢిల్లీ స్తంభాన్ని కాచింది ఫాస్ఫేటే. ఫ్లింటులో కరువైందీ అదే.

నగరం

మన కోనసీమలో, 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం గ్రామం నడుమ వెళుతున్న గ్యాస్ గొట్టం పగిలి నిప్పంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు మొదలంటా మాడిపోయాయి. గొట్టం లోపల తుప్పు తొలిచిందని విచారణలో తేలింది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి ఉన్న గ్యాస్ పారింది. నీళ్లూ, బొగ్గుపులుసు వాయువూ కలిస్తే కార్బానిక్ ఆమ్లం. సోడాలో ఉండేది అదే, నాలుకకు చురుక్కుమంటుంది అంతే. ఉక్కు గొట్టం అడుగున నిలిచిపోతే లోపలి నుంచి తినేస్తుంది.

గొట్టం లోపలికి మనిషి వెళ్లలేడు, కానీ పరికరం వెళ్లగలదు. పనివాళ్లు దాన్ని పిగ్ అంటారు. గ్యాస్ తోపుతోనే కదులుతూ, గోడను అయస్కాంతంతో తడుముతూ, ఎక్కడెక్కడ మందం తగ్గిందో రాసుకుంటూ పోతుంది. గ్యాస్‌ను ముందే ఆరబెట్టే యంత్రాలున్నాయి. తుప్పును అణిచే మందులున్నాయి. తెలియని విద్య ఒక్కటీ లేదు. ప్రపంచమంతటా తుప్పు వల్ల ఏటా 2.5 లక్షల కోట్ల డాలర్ల నష్టమని, తెలిసిన పద్ధతులు పాటిస్తేనే అందులో 15 నుంచి 35 శాతం మిగులుతుందని 2016లో ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్క కట్టింది. నగరంలో పోయినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడుంటారో ఏ కాగితమూ చెప్పదు.

టైటానిక్‌ను తింటున్నదెవరు?

3,800 మీటర్ల లోతున పడి ఉన్న టైటానిక్ ఒంటి నిండా తుప్పు ఊడల్లా వేలాడుతోంది. వాటిలో ఒక కొత్త బ్యాక్టీరియా దొరికితే 2010లో దానికి ఓడ పేరే పెట్టారు, హాలోమోనాస్ టైటానికే అని.

పిలిచి తెచ్చుకునే నలుపు

బీదరు పనివాళ్లు తుప్పును పిలిచి తెచ్చుకుంటారు. హైదరాబాదు నవాబుల ఇళ్లలో హుక్కాలుగా, పాన్‌దాన్‌లుగా వెలిగిన బిద్రీ సామాను ఎక్కువ పాళ్లు జింకు, కాస్త రాగి. పోత పోసి, ఉలితో పూలూ తీగలూ చెక్కి, ఆ గాట్లలో వెండి తీగ పొదుగుతారు. అప్పటికింకా రెండు లోహాలూ ఒకే బూడిద రంగులో కలిసిపోయి, పువ్వేదో ఆకేదో తెలియదు. అప్పుడు బీదరు కోట లోపలి పాత మట్టిని నవసారంతో కలిపి కాచి, ఆ ముద్ద పట్టిస్తారు. కళాయివాడు చల్లిన నవసారమే ఇక్కడా. జింకు కలిసిన లోహమంతా క్షణాల్లో నల్లబడుతుంది. వెండిని ఆ మట్టి ముట్టదు. కడిగి నూనె రాస్తే నల్లటి నేల మీద తెల్లటి తీగ తేలుతుంది. ఆ నలుపు కూడా ఒక పొరే.

ఏ మట్టైనా ఇందుకు పనికిరాదు. ఏళ్ల తరబడి ఎండా వానా తగలని, కోట గోడల చాటున ఉన్న మట్టే కావాలి. అది సరైనదో కాదో తేల్చడానికి పనివాడు చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటాడు.